మూడు నొక్కులు

పన్ను ఒక్కటే పీకాలి.
కుడివైపు, కింద, చివరి దవడ పన్ను.
పది నిమిషాల పని అంది దంతవైద్యురాలు.
నిజమే, ఆమెకి పది నిమిషాలు.
మిగతా రోజంతా నాది.

కువోపియో ఆసుపత్రి, ఫిబ్రవరి.
బయట సున్నాకు ఇరవయ్యారు కింద.
సరస్సు మీద కార్లు నడుస్తున్నాయి.
తపాని రాత్రంతా మంచు తోసే బండి నడిపి
ఊరి రోడ్లు తెరిచి
అదే బూట్లతో వచ్చాడు.

పిహ్లాకు తొమ్మిదేళ్ళు.
అయిదో ఏట చూపు మసకేసింది.
ఆరో ఏట నడక తడబడింది.
ఏడులో మూర్ఛలు.
ఎనిమిదిలో మాటలు, ఒక్కొక్కటే.
అన్నిటికన్నా చివర పోయింది "పాలు".

ఇప్పుడు మిగిలింది అరచెయ్యి.
నాన్న మూడుసార్లు నొక్కితే
తనూ మూడుసార్లు నొక్కుతుంది.
అర్థమేమిటని నేనడగలేదు.
ఆ ఇంట్లో అదొక భాష,
మాట్లాడేవాళ్ళు ముగ్గురు.

పెద్దవాళ్ళం నొప్పిని పంటి బిగువున భరిస్తాం.
నొప్పి పంట్లోనే ఉంటే
ఈ పిల్ల దేన్ని బిగిస్తుంది?
తన మణికట్టునే కొరుక్కుంది.
మర్యుత్ కట్టు విప్పి చూపించింది.
"పన్నెండు రోజులు వెతికాం డాక్టర్, ఎక్కడ నొప్పో.
చెవి అనుకున్నాం. కడుపు అనుకున్నాం."

సంతకం పెట్టించే ముందు నేను చదివి వినిపించాలి:
ఈ జబ్బున్న పిల్లలకు
మత్తులో ఒళ్ళు చల్లబడవచ్చు.
గుండె నెమ్మదించవచ్చు.
ఫిట్స్ రావచ్చు.
నోట్లోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.
మెలకువ ఆలస్యం కావచ్చు.
ముప్పయ్యేళ్ళ అనుభవం అంటారు.
నాకేం వచ్చు, ఈ వచ్చులు తప్ప?

మర్యుత్ అడిగింది:
"లేస్తుంది, సరే.
నిన్నటి పిహ్లాయే లేస్తుందా?"
కాగితంలో దానికి గడి లేదు.

గది వేడి పెంచమన్నాను.
దంతవైద్యురాలి నుదుట చెమట.
సిర్కు సెలైన్ వెచ్చబెట్టింది,
వేడిగాలి ఊదే దుప్పటి పరిచింది,
పొద్దుటి మూర్ఛ మందు పడిందా అని
మళ్ళీ ఇంకోసారి అడిగింది.
అమ్మమ్మ అల్లిన ఉన్ని మేజోళ్ళు,
ఒకటి ఎరుపు, ఒకటి ఊదా,
థియేటర్లోకి రాకూడదు.
సిర్కు వాటిని చూసి
గోడ గడియారం వైపు తిరిగింది.

మాస్కు పెట్టేదాకా తపాని చెయ్యి వదల్లేదు.
మూడు. తిరిగి మూడు.
తర్వాత వేళ్ళు వదులయ్యాయి.
మత్తు ఇచ్చినవాణ్ణి నేనే,
ఆ వదులు చూడలేక తెర వైపు చూశాను.

ముప్పయ్యారు పాయింట్ ఒకటి.
ముప్పయ్యయిదు పాయింట్ ఆరు.
అన్ని దుప్పట్ల కింద
చలి లోపలి నుంచే వస్తోంది.
గుండె తొంభై. డెబ్భై. యాభై రెండు.
మత్తు తగ్గించాను.
ఇంకో సిరంజి మీద బొటనవేలు.
నలభై తొమ్మిది.
నొక్కాను.
గదిలో అందరం ఒక పచ్చని గీత వైపు వంగాం.
అరవై.
ట్రేలో పన్ను టక్కుమంది.
ఇంత పంటికి ఎంత పొడుగు వేళ్ళో.

మెలకువ గది. ఒక గంట.
ఊపిరి తనే తీస్తోంది.
రెండో గంటకు రెప్పలు కదిలాయి.
తపాని మూడు నొక్కాడు.
ఏమీ లేదు.
ఆగి, మళ్ళీ మూడు.
కిటికీ కింద ఎవరిదో మంచుబండి
రోడ్డును గీకుతూ పోయింది.
అతను తలెత్తలేదు.

మూడో గంట దాటాక,
"నొక్కింది" అన్నాడు.
"ఎన్ని?" అంది మర్యుత్.
"రెండు."

నెల తర్వాత మళ్ళీ వచ్చారు.
మణికట్టు మానింది.
రాత్రులు నిద్రపోతోందట. బరువు పెరిగింది.
రెండే.

ఆ మూడోది జబ్బు తీసుకుందా,
ఎలాగూ ఆ వారం పోయేదేనా,
నేను తీసుకున్నానా?
రికార్డులో నా చేతిరాత ఉంది:
"స్వల్ప ఇబ్బందులు. సరిదిద్దబడినవి."

వెళ్తూ తపాని గ్లవ్ తీసి చెయ్యి కలిపాడు.
నొక్కాడు, అలవాటు కొద్దీ కాబోలు, మూడుసార్లు.
నేను తిరిగి ఎన్ని ఇచ్చానో
ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.